తీతువు దాచిన మెట్టు

అనగనగా ఒక అడవి. అడవి అనగానే పచ్చగా, చల్లగా ఉంటుందనుకునేరు! అది రాళ్ల అడవి. తుమ్మలు, రేగుకంపలు తప్ప నీడనిచ్చే చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇదిగో, ముందే చెబుతున్నా. ఇది భయం కథ. మధ్యలో లేచి పోతానంటే ఒప్పుకోను. భయమేస్తే ఈ అవ్వ కొంగు పట్టుకోండి గాని, చెవులు మాత్రం మూసుకోవద్దు.

ఆ అడవిలో రెండు గుట్టల నడుమ ఒక మడుగు ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే అడవి మొత్తానికి అదొక్కటే దిక్కు. మడుగుకు ఒక పక్కన నిటారుగా ఒక పెద్ద బండ. ఆ బండకు ఎవరో చెక్కినట్టు ఏడు మెట్లు. వానలు బాగా పడిన ఏడాది నీళ్లు ఏడో మెట్టును తాకేవి. ఎండలు ముదిరే కొద్దీ ఆరు, ఐదు, నాలుగు అని కిందికి దిగిపోయేవి.

ఆ మెట్లు చూసి చెప్పడానికి ఒక నీరటి ఉండేది. ఊళ్లో చెరువు నీళ్లను కనిపెట్టుకుని ఉండే మనిషిని నీరటి అంటాం కదా, అట్లాగే అడవికీ ఒక నీరటి. ఎవరనుకున్నారు? తీతువు పిట్ట! పేరు ఓబుళమ్మ. రోజూ తెల్లారగానే బండ మీద వాలేది. నీళ్లు ఎన్నో మెట్టు మీదున్నాయో చూసేది. అన్ని కేకలు పెట్టేది. ఆరో మెట్టయితే ఆరు కేకలు, ఐదో మెట్టయితే ఐదు.

ఆ కేకలను బట్టే అడవి నడిచేది. ఆరు వినబడినన్నాళ్లూ ఎవరైనా రెండు పూటలా వచ్చి తాగొచ్చు. ఐదు వినబడిన రోజు నుంచి ఒక్కపూటే. ఇంకో సంగతి కూడా ఉంది. ఐదు వినబడిన రోజే నడక మందమైన వాళ్లు గుట్టలు దాటి, ఎన్నడూ ఎండని ఏటి వైపు బయల్దేరిపోవాలి. మూడు వినబడితే ఇక అడవంతా కదలాలి. లేడికి ఆ ఏరు మూడు రోజుల దారి. తాబేలుకు ఇరవై రోజులు. దారి మధ్యలో ఒకే ఒక్క చెలమ. మడుగు ఐదో మెట్టు మీద ఉన్నన్నాళ్లూ ఆ చెలమ ఊరుతుంది. నాలుగుకు దిగిందంటే అదీ ఎండిపోతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. తర్వాత అడుగుతా.

"మిగతావాళ్లకు కళ్లు లేవా అవ్వా? వాళ్లే బండ వంక చూడొచ్చు గదా?" అంటారు మీరు. అదే కదా వాళ్ల తెలివితక్కువతనం! నలుగురి కళ్లూ పడితే మడుగుకు దిష్టి తగులుతుందట. నీళ్లు ఇంకిపోతాయట. ముత్తాతల నాటి నుంచి వాళ్లకదొక నమ్మకం. అందుకని తల వంచుకుని వచ్చేవాళ్లు, తల వంచుకుని తాగేవాళ్లు, తల వంచుకునే పోయేవాళ్లు. బండ వంక చూసేది ఒక్క నీరటే.

ఓబుళమ్మకు ముందు నీరటి ఎవరంటే తాబేలు కూర్మయ్య తాత. తన డిప్పను బండకేసి ఠంగు ఠంగున కొట్టి మెట్లు చెప్పేవాడు. నలభై ఏళ్లు అట్లా చెప్పాడు. కళ్లకు పొర కమ్మాక ఆ పని ఓబుళమ్మకు అప్పజెప్పి, పైన గుట్టలో ఒక రాతి సందులో ఉండిపోయాడు. పది రోజులకోసారి దిగొచ్చి నాలుగు గుక్కలు తాగి పోయేవాడు.

పని అప్పజెప్పిన రోజున ఆయన ఒక్క మాటే చెప్పాడు. "ఓబుళూ, నీళ్లు అబద్ధం ఆడవు. నీరటి కూడా ఆడకూడదు. నువ్వు చూసేది నీ కోసం కాదమ్మా, చూడలేని వాళ్ల కోసం."

"అట్లాగే తాతా" అంది ఓబుళమ్మ.

మూడేళ్లు అట్లాగే చేసింది కూడా. కానీ పాపం, దానికి ఒక్కరి నోటి నుంచీ మంచి మాట వచ్చేది కాదు. తీతువు అరిస్తే అపశకునమని అందరికీ మంట. మెట్టు తగ్గిందని చెప్పిన రోజైతే "దీని నోరు పడిపోను! దీని అరుపుకే నీళ్లు తగ్గుతున్నాయి" అని తిట్టేవాళ్లు. మెట్టు దిగింది ఎండకు, తిట్లు తిన్నది ఓబుళమ్మ. లోకం తీరే అంత.

అట్లా ఉండగా ఒక ఏడాది వానలు మొండిచెయ్యి చూపాయి. ఉగాది నాటికే గడ్డి మాడిపోయింది. కాకులు నోరు తెరుచుకుని కూర్చునేవి. మడుగు ఆరో మెట్టుకు దిగింది. అడవిలో ఎవరి మొహాన చూసినా భయమే. ఎవరూ నోరు తెరిచి అనరు గాని, అందరి గుండెల్లోనూ ఒకటే మాట. ఐదు ఎప్పుడు వినాల్సి వస్తుందో!

ఓబుళమ్మకు ఒక స్నేహితురాలు ఉండేది. లేడి మద్దమ్మ. ఇద్దరూ వదినా అంటే వదినా అనుకునేవాళ్లు. అడవంతా తిట్టినా ఓబుళమ్మను పలకరించేది ఆమె ఒక్కతే. ఆ రోజుల్లోనే మద్దమ్మ ఈనింది. చిన్న కూన. కాళ్లు ఇంకా పుల్లల్లా వణుకుతున్నాయి.

ఒకరోజు సాయంత్రం మద్దమ్మ పరుగున వచ్చింది.

"వదినా, నిజం చెప్పు. రేపు ఐదేనా?"

ఓబుళమ్మ తల దించుకుంది. "నీళ్లు ఆరో మెట్టును వదిలేస్తున్నాయి వదినా. రేపు ఐదే."

"ఒక్కపూట నీళ్లతో నాకు పాలు పడవు. ఇప్పుడే సరిగా రావట్లేదు. బిడ్డ రాత్రంతా పొదుగు చీకి చీకి ఏడుస్తోంది. నాలుగంటే నాలుగు రోజులు వదినా! ఆరు అనే చెప్పు. దానికి గడ్డి కొరకడం వచ్చేస్తుంది. నీకు దండం పెడతా."

"నీరటి అబద్ధం ఆడకూడదని తాత చెప్పాడు వదినా."

"తాతకేం, రాతి సందులో కూర్చుని ఎన్నైనా చెబుతాడు. నా బిడ్డ చచ్చిపోతే నీరటి ఏం చేస్తుంది?"

ఆ మాటకు ఓబుళమ్మ గుండె నీరైపోయింది. మరుసటి రోజు తెల్లారి బండ మీద వాలింది. కళ్ల ముందు నీళ్లు ఐదో మెట్టు మీద ఉన్నాయి. ఒక కేక పెట్టింది. రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆగాలి కదా? ఆగలేదు. కళ్లు గట్టిగా మూసుకుని ఆరో కేక కూడా పెట్టేసింది.

అడవంతా హమ్మయ్య అనుకుంది. ముళ్లపందులు, కుందేళ్లు, నక్కలు అన్నీ రెండు పూటలా వచ్చి కడుపునిండా తాగాయి. అడవిపంది కంబగిరి అయితే వెళుతూ వెళుతూ ఆగి, "ఇన్నాళ్లకు నీ నోట ఒక మంచి మాట విన్నాం ఓబుళమ్మా! చల్లగా ఉండు" అన్నాడు. ఓబుళమ్మకు ఒళ్లు పులకరించింది. మూడేళ్లలో ఎవరూ అట్లా అనలేదు. అది నచ్చింది. నచ్చడమే దాని కొంప ముంచింది.

నాలుగు రోజులన్నవి ఐదయ్యాయి, ఆరయ్యాయి. కూన గడ్డి కొరకడం మొదలుపెట్టింది. అయినా ఓబుళమ్మ ఆరు కేకలే పెట్టింది. ఇప్పుడు ఐదు అంటే "నిన్నటిదాకా ఏం చూశావు?" అంటారేమోనని భయం. రేపు చెబుతా అనుకునేది. తెల్లారితే మళ్లీ రేపు చెబుతా అనుకునేది. చూస్తూనే ఉన్నారుగా, అబద్ధం ఒక్కటే ఆడాలనుకుంటాం. అది ఒక్కటితో ఎక్కడ ఆగుతుంది?

తొమ్మిదో రోజున కూర్మయ్య తాత గుట్ట దిగి వచ్చాడు. తడుముకుంటూ, మెల్లగా వచ్చాడు. ఒడ్డు దిగుతూ దిగుతూ ఆగిపోయాడు.

"ఓబుళూ, ఇక్కడున్నావా అమ్మా?"

"ఉన్నా తాతా."

"గట్టు నుంచి నీళ్ల దాకా పోయినసారి నలభై అడుగులు వేశాను. ఇప్పుడు అరవై వేశాను. ఇంకా నీళ్లు తగలలేదు. ఇదేందమ్మా ఇది? పొద్దున నువ్వు పెట్టింది ఆరు కేకలే కదా?"

చూశారా పిల్లలూ, ఇక్కడుంది కీలకం! చెప్పేయొచ్చు కదా? "తాతా, తప్పయిపోయింది, నీళ్లు ఐదులో ఉన్నాయి, నువ్వు ఇప్పుడే బయల్దేరు" అంటే అయిపోయేది. ఓబుళమ్మ నోరు తెరిచింది కూడా. అప్పుడే అటుగా కంబగిరి నీళ్లకు వస్తున్నాడు. అతను వింటాడని భయమేసింది.

"ఆరే తాతా" అంది.

కూర్మయ్య తాత తల ఊపాడు. తర్వాత నవ్వాడు. "అయితే నా కాళ్లే ముసలివయ్యాయి లే. అడుగు చిన్నదైపోయినట్టుంది. నా కాళ్ల కంటే నీ కళ్లను నమ్ముతానమ్మా" అన్నాడు. ఇంకో ఇరవై అడుగులు వేసి, నీళ్లు తాగి, మళ్లీ గుట్ట ఎక్కి వెళ్లిపోయాడు.

ఓబుళమ్మ ఆ రోజు మేత ముట్టలేదు.

మరి అందరూ రెండు పూటలా తాగితే నీళ్లు ఉంటాయా? పన్నెండో రోజుకల్లా మడుగు నాలుగో మెట్టుకు పడిపోయింది. అప్పుడు ఓబుళమ్మకు దిక్కు తోచలేదు. ఆ రోజు ఐదు కేకలు పెట్టింది. ఉన్నది నాలుగు, చెప్పింది ఐదు. అడవి గొల్లుమంది. ఆ రోజు నుంచి ఒక్కపూట నీళ్లు.

ఐదు కేకలు వినగానే కూర్మయ్య తాత రాతి సందులోంచి బయటికి వచ్చాడు. మడుగు పక్కనుంచే పోతూ, "వెళ్లొస్తా ఓబుళూ. పది రోజుల్లో చెలమ చేరతా. రెండు రోజులు అక్కడ సేద తీరి ఏటికి పోతా. నువ్వూ మూడు కేకలు పెట్టగానే ఆలస్యం చేయకుండా వచ్చేయ్" అన్నాడు.

చెలమ గురించి గుర్తు పెట్టుకోమన్నానే, ఏం చెప్పాను? నాలుగో మెట్టుకు దిగితే చెలమ ఎండిపోతుంది. ఆ సంగతి ఓబుళమ్మకు తెలుసు. తెలిసీ ఆ ముసలి తాబేలు గుట్ట మలుపు తిరిగిపోయేదాకా చూస్తూ కూర్చుంది. పిలవాలని మూడుసార్లు ముక్కు తెరిచింది. మూడుసార్లూ మూసింది.

ఆ తర్వాత వచ్చిన రోజులు నేను చెప్పలేను తల్లీ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఏడాది బండలే పగిలాయి. గాలి వీస్తే నిప్పు సెగ కొట్టినట్టు ఉండేది. నీళ్లకు వచ్చే దారిలో ఒక కుందేలు చనిపోయి కనిపించింది. ఎవరూ ఆగి చూడలేదు. ఎవరి పిల్లలను వాళ్లు కడుపు కిందికి లాక్కుని నడిచారు. ఓబుళమ్మ రోజూ ఐదే అరిచింది. అరిచిన ప్రతిసారీ తాత ఎంత దూరం పోయి ఉంటాడో లెక్క వేసుకునేది. నాలుగు రోజులు. ఏడు రోజులు. పది. ఈపాటికి చెలమ దగ్గరికి చేరి ఉంటాడు.

తాత బయల్దేరిన పన్నెండో రోజు పొద్దున చూస్తే నీళ్లు మూడో మెట్టు మీద ఉన్నాయి. ఓబుళమ్మకు ఇక దాచే దారి లేదు. మూడు కేకలు పెట్టి ఆగిపోయింది.

నాలుగో కేక కోసం అడవంతా చెవులు రిక్కించింది. ఆ తర్వాత నాలుగు వైపుల నుంచీ అందరూ మడుగు దగ్గరికి ఉరికారు.

"మూడా? నిన్న ఐదు కదా!" అని అరిచాడు కంబగిరి. "నాలుగు ఏమైంది? నాలుగు ఎక్కడికి పోయింది చెప్పు!"

ఓబుళమ్మ బండ మీద వెనక్కి జరిగింది. కంబగిరికి ఒళ్లు మండింది. దిష్టీ లేదు గిష్టీ లేదని తల పైకెత్తి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బండ వంక చూశాడు. నీళ్లెక్కడో అడుగున ఉన్నాయి. పైనున్న మెట్లు ఎప్పుడో ఎండి, తెల్లగా పాలిపోయి, పగుళ్లు పట్టి ఉన్నాయి. "ఇది నిన్న ఎండిన బండ కాదురా" అన్నాడు.

"నేనే దాచాను" అంది ఓబుళమ్మ. "ఇరవై నాలుగు రోజుల నుంచీ దాస్తున్నాను."

కంబగిరి కోర ఎత్తి మీదికి వచ్చాడు. మద్దమ్మ అడ్డం పడింది. "దాన్నేమీ అనొద్దు! దాచమని అడిగింది నేను. నా బిడ్డ కోసం అడిగాను." అంటూనే ఆమె మొహం పాలిపోయింది. "వదినా... తాత ఎప్పుడు బయల్దేరాడు?"

ఓబుళమ్మ ఆ మాట వినగానే ఏటి దారి వైపు తిరిగింది. రెక్కలు విప్పి ఎగిరిపోయింది.

గుట్టల మీదుగా ఎగిరింది. కింద మట్టిలో తాబేలు పాకిన గీత కనిపిస్తోంది. ఆ గీత వెంటే పోయింది. చెలమ వచ్చింది. చుక్క నీళ్లు లేవు. చెలమ నడుమ ఒక చిన్న గుంట ఉంది. ఎవరో ముసలి గోళ్లతో తవ్వీ తవ్వీ వదిలేసిన గుంట. గీత అక్కడి నుంచి మళ్లీ మొదలైంది. మొదట్లో సూటిగా పోయింది. తర్వాత వంకరలు తిరిగింది.

కూర్మయ్య తాత ఎండలో, ఏటి వైపు మొహం పెట్టి పడి ఉన్నాడు. ఇంకా ఊపిరి ఉంది.

"తాతా! తాతా!"

"ఓబుళూ? నువ్వేనా?" తాత గొంతు గుసగుసలా ఉంది. "దారి తప్పానమ్మా. ఐదు కేకలకు బయల్దేరితే చెలమలో నీళ్లుండాలి కదా. లేవు. నేనెక్కడో తప్పుదారి పట్టినట్టున్నాను. ముసలివాణ్ని కదా."

అంత కష్టంలోనూ ఆయన తననే తప్పుపట్టుకున్నాడు గాని ఓబుళమ్మ మాటను అనుమానించలేదు! ఓబుళమ్మ గుండె పగిలిపోయింది. భోరుమని ఏడ్చింది. "నువ్వు తప్పలేదు తాతా. నీ దారి తప్పలేదు, నీ అడుగులూ తప్పలేదు. తప్పింది నేను. నేను అబద్ధం చెప్పాను" అని జరిగిందంతా చెప్పింది.

"అరవై అడుగులంటే అరవయ్యే అన్నమాట" అన్నాడు తాత. "నా కాళ్లు చెప్పింది నిజమే. నేనే వాటి మాట వినలేదు." తర్వాత, "మద్దమ్మ బిడ్డ బతికిందా?" అని అడిగాడు.

"బతికింది తాతా."

"మంచిది. ఓబుళూ, ఇక మీదట ఒక్క నీరటి కళ్లనే నమ్ముకోవద్దని చెప్పు. అందరినీ తల ఎత్తి చూడమను."

తీతువు పిట్టలు ఎండకు గుడ్లు మాడిపోకుండా పొట్ట కింది ఈకలు నీళ్లలో తడిపి తెస్తాయి. చూశారా ఎప్పుడైనా? ఓబుళమ్మ కూడా ఏటి దాకా ఎగిరింది. రొమ్ము ఈకలు తడుపుకుంది. ఒక్క చుక్క రాలకూడదని కాళ్లు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి వెనక్కి ఎగిరింది. దారిలో వడగాలి. ఆ ఈకల్లో మిగిలినవి ఎన్ని చుక్కలు? మహా అయితే నాలుగు.

వచ్చి తాత నోటి దగ్గర వాలింది.

ఏమైంది అవ్వా, తాత తాగాడా, బతికాడా అని అడుగుతున్నారు కదూ? మీ మొహాలు చూస్తుంటే నాకూ "బతికాడు" అనాలనే ఉంది. ఒక్క మాటే కదా. అనేస్తే మీరు సంతోషిస్తారు, అవ్వ మంచిదంటారు. ఓబుళమ్మకూ అట్లాగే అనిపించింది ఆ రోజు. అందుకే నేను అనను. ఓబుళమ్మ వచ్చేసరికి కూర్మయ్య తాత చనిపోయాడు. తెచ్చిన నాలుగు చుక్కలూ ఆయన డిప్ప మీద పడి, చూస్తుండగానే ఆరిపోయాయి.

మద్దమ్మ, కంబగిరి, మిగతా వాళ్లంతా అదే దారిన వచ్చారు. ఒక్కొక్కరే తాత దగ్గర ఆగి, తల వంచి, ముందుకు నడిచారు. ముసలీ ముతకా ఇంకో ఇద్దరు దారిలోనే పడిపోయారు. మిగిలిన వాళ్లు ఏరు చేరారు.

మళ్లీ వానలు పడ్డాక అడవి తిరిగి వచ్చింది. వస్తూ వస్తూ కంబగిరి తాత డిప్పను మూతితో దొర్లించుకుంటూ తెచ్చి బండ పక్కన పెట్టాడు. ఓబుళమ్మ అందరి ముందూ నిలబడి, "నేను నీరటిగా పనికిరాను. ఇంకొకరిని పెట్టుకోండి" అంది.

"ఇంకొకరు ఎందుకు?" అంది మద్దమ్మ. "నువ్వే చూడు. కానీ నీతో పాటు మేమూ చూస్తాం."

అప్పటి నుంచి ఆ మడుగు దగ్గర కొత్త పద్ధతి వచ్చింది. నీళ్లు తాగడానికి ముందు ప్రతి ఒక్కరూ తల ఎత్తి బండను చూడాలి. మెట్లు లెక్కపెట్టాలి. ఓబుళమ్మ కేకలూ తమ లెక్కా కలవకపోతే అప్పటికప్పుడు అడగాలి. గుడ్డివాళ్ల కోసం, గుట్ట పైనున్న వాళ్ల కోసం మద్దమ్మ కూతురు తన గిట్టతో తాత డిప్పను ఠంగు ఠంగున కొట్టి చెబుతుంది. తన పాల కోసం ఎవరు ప్రాణం పోగొట్టుకున్నారో దానికి తల్లి చెప్పింది. దాచకుండా చెప్పింది.

మీరెప్పుడైనా చేలలో తీతువు అరుపు వింటే అపశకునమని రాయి విసరకండి. ముందు ఎన్నిసార్లు అరిచిందో లెక్కపెట్టండి.

నీతి: చెడు కబురు దాచితే చేటు ఆగదు, అది మన మాటనే నమ్ముకున్న బలహీనుడి ప్రాణం మీదికి ముందుగా వస్తుంది.